నా ఖరీదు తగ్గించిన ఏడాది

నేను ఒక సీసాలు నింపే యంత్రాన్ని. కోయంబత్తూరులో తయారై, తాడేపల్లిగూడెం శివారులోని ఒక చిన్న కూల్‌డ్రింకుల కంపెనీకి లారీ మీద వచ్చాను. గాజు సీసాల్లో నిమ్మసోడా నింపి మూత బిగించడం నా పని. పదేళ్లపాటు ఆ చుట్టుపక్కల మాకు పోటీ లేదు. యజమాని పెన్మెత్స సోమరాజు గారు ఏటా లెక్కల్లో అరుగుదల కింద నా ఖరీదు పేరుకి కొంచెం తగ్గించేవారు. అంత తగ్గిస్తే సరిపోతుందా అని అడిగినవాళ్లు లేరు. ఎదురులేనంత కాలం మనుషులు తమ ఆస్తుల విషయంలో మహా ఉదారంగా ఉంటారు.

పదకొండో ఏట రోడ్డుకి అవతల ఒక పెద్ద కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. వాళ్లవి ప్లాస్టిక్ సీసాలు, ధర మాకంటే రెండు రూపాయలు తక్కువ. కిళ్లీకొట్లవాళ్లు మా గాజు సీసాలు వద్దన్నారు. నేను పొద్దున్న కాసేపు తిరిగి, మధ్యాహ్నం నుంచి ఊరికే నిలబడేదాన్ని.

మార్చిలో, లెక్కలు చూసే హైమవతి గారు సోమరాజు గారిని నా దగ్గరికే తీసుకొచ్చారు.

"రాజుగారండీ, దీని ఖరీదు ఈ ఏడే సగానికి పైగా తగ్గించి రాయాలండి."

"అలా రాస్తే లాభం కాస్తా నష్టమైపోద్దమ్మా. కొత్త యంత్రానికి బ్యాంకోళ్లు అప్పిస్తారా? ఎనభై మంది బతుకుతున్నారిక్కడ. ఈ ఒక్క ఏడూ పాత లెక్కే ఉంచు."

"ఇదివరకు ధర మన చేతిలో ఉండేదండి. ఇప్పుడు అవతలివాళ్ల చేతిలో ఉంది. రాని లాభం రాసుకుని వాటాదారులకి పంచేస్తే, వేసవిలో అవతలివాళ్లు ధర ఇంకా తగ్గించినప్పుడు జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తామండి?"

సోమరాజు గారు నామీద చెయ్యి వేసి, మూతలు బిగించే చోటు దాకా నిమిరారు. ఖరీదు పోతే నన్ను ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తారేమోనని నాకూ దిగులేసింది. చివరికి ఆయన "రాసెయ్యమ్మా" అన్నారు.

ఆ ఏడాది వాటాదారులకి పైసా పంచలేదు. ఆయన బావమరిది సమావేశం మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. తర్వాత బ్యాంకు అధికారి వచ్చి, నా చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. సోమరాజు గారు చెమట తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఈ జిల్లాలో చిన్న కంపెనీలవాళ్లందరి గిరాకీ పడిపోయిందండి, కానీ లెక్కల్లో అందరి యంత్రాలూ కొత్తవాటిలాగే ఉన్నాయి. తగ్గించి చూపింది మీరొక్కరే. అందుకే మీ మిగతా అంకెలు కూడా నమ్ముతున్నాను" అన్నాడాయన. అడిగినంత ఇవ్వలేదు కానీ, అప్పు ఇచ్చాడు.

మే నెలలో అవతలి కంపెనీ ధర మళ్లీ తగ్గించింది. పంచకుండా ఉంచిన డబ్బుతో రెండు నెలలు జీతాలు గడిచాయి. వానలు మొదలయ్యేసరికి ప్లాస్టిక్ సీసాల యంత్రం వచ్చింది. ఒక్కరినీ పనిలోంచి తీసెయ్యలేదు.

నన్ను వెనక షెడ్డులోకి మార్చారు. పెళ్లిళ్లకి ఎవరైనా గాజు సీసాల సోడా అడిగితే తిరుగుతాను. లేకపోతే విశ్రాంతి. ఇంత సంపాదించాలని నామీద ఎవరికీ ఆశల్లేవు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మొన్న జీతాలిచ్చిన రోజు మధ్యాహ్నం సోమరాజు గారు వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు. కాసేపటికి హైమవతి గారు వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికే ఆయన నాకు తల ఆనించి, చిన్నగా గురక పెడుతున్నారు. ఆవిడ లేపలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయారు.