పలక మామ గంట నిద్ర

దేవుడికి నిద్ర ఉంటుందా అన్న సందేహం నన్ను చాలా ఏళ్లుగా వదలలేదు. ఉంటే, ఆయన కన్ను మూసిన కాసేపు లోకాన్ని ఎవరు కాస్తారు? పూజలో కూర్చున్నా ఈ ప్రశ్న వచ్చి పక్కనే కూర్చుంటుంది. మా బస్సు డిపోలో మాత్రం ఆ పని పలక మామది.

ఆ రోజు కూడా అతను తడిగుడ్డతో పలక తుడిచి, ఏ మంచం మనిషిని ఎన్నింటికి లేపాలో గుండ్రటి అక్షరాలతో రాసుకుంటున్నాడు. డ్రైవర్లు పడుకునే గదికి ముప్పై ఏళ్లుగా అతనే కాపలా. బక్కమనిషి. కళ్ల కింద నల్లటి వలయాలు. అరిగిన చెప్పులు గుమ్మం బయటే విడిచి, పిల్లిలా నడిచేవాడు. ఎవర్నీ కేకేసి లేపడు. కాలి బొటనవేలు మెల్లగా పట్టుకుంటాడు.

"అరిస్తే గుండె అదురుతుందిరా. కాలైతే నెమ్మదిగా పైకి కబురు పంపుతుంది" అనేవాడు.

నేను డ్రైవరుగా చేరిన కొత్తలో, వరసగా రెండు డ్యూటీలు చేసి ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. కంట్రోలరు వచ్చి నన్ను ముందే లేపమన్నాడట.

"ఇంకో గంట లేపను సార్. వీడి వెనక యాభైమంది కూర్చుంటారు."

"నీకు జీతం దేనికిస్తున్నారయ్యా?"

"వేళకి లేపడానికి సార్."

ఆ మాటకి శిక్షగా మామ వారం రోజులు బస్సులు కడిగాడు. నేను దణ్ణం పెట్టబోతే, "ఆ గంట నాకు బాకీ ఉన్నావులే అల్లుడూ" అని నవ్వేశాడు.

అందరి నిద్రా కాచినవాడికి తన నిద్ర లేదు. ఒకడిని లేపి కూర్చునేసరికి ఇంకొకడి వేళ. మధ్యలో కునికిపాట్లే. రక్తపోటు ముదిరిందని డాక్టరు మందులు రాసి, ముందు కంటినిండా నిద్రపొమ్మన్నాడు. "ఊరందర్నీ పడుకోబెడతారు, మీ దిండు మాత్రం నలగదు" అని అత్త దెప్పేది.

ఆ రోజు మధ్యాహ్నం మామ అన్నం తిని లేచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అల్లుడూ, నిద్రొస్తోందిరా. నిజం నిద్ర."

"పడుకో మామా. నేను కూర్చుంటాను. పాత బాకీ ఉందిగా."

"గంట చాలు. వడ్డీ వద్దు."

పలక అడుగున తన వేళ తనే రాసుకుని, నాలుగో మంచం మీద వాలాడు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను.

కాసేపటికి కంట్రోలరు వచ్చాడు. "ఏడీ మీ మామ? స్టోరు తాళాలు కావాలి."

"పడుకున్నాడండీ. మూడింటిదాకా లేపను."

ఆయన నన్నూ, గుమ్మం బయటి చెప్పుల్నీ చూసి, బూట్లు చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

సన్నగా గురక వినిపించింది. తర్వాత ఫ్యాను చప్పుడే. గాఢంగా పట్టిందని సంతోషించాను.

మూడింటికి చెప్పులు విడిచి లోపలికెళ్లి బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. వదలకుండా చాలాసేపు పట్టుకున్నాను. కబురు పైకి వెళ్లలేదు.

అందరూ వచ్చారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఆ గదిలో అలవాటు లేదు. అతని గంట మాత్రం ఎవరూ చెడగొట్టలేదు.

పలక ఇంకా మేకుకే ఉంది, పక్కన తడిగుడ్డతో సహా. పైవన్నీ తుడిచారు, అడుగున "నాలుగో మంచం, మూడింటికి" అన్న గుండ్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి.