గీత లేని చుక్కలు

పదకొండింటికి మీటింగ్ పెట్టుకుని పదింబావుకు పోళీలకు, అదే మా మరాఠీ చపాతీలకు, పిండి కలుపుతున్నాను. డబ్బాలో చల్లారిన పోళీ మా అత్తగారికి గొంతు దిగదు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో అయితే మరీను. "ఇంట్లోనే ఉన్నావుగా, వేడివేడిగా నాలుగు ఒత్తి పడెయ్యి" అంటారు. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని పుణెలో నేనెరిగిన ప్రతి ఇంట్లోనూ అర్థం.

ఆ మీటింగ్ నేను నాలుగు నెలలు కూర్చుని చేసిన పని గురించి. నాగపూర్‌లో ఒక పింఛన్ల సంస్థకు మా కంపెనీ పైథాన్ ప్రోగ్రాములు చూసిపెడుతుంది. పన్నెండేళ్లుగా ఎవరెవరో రాసి వదిలేసి పోయినవి, రెండు వేల పైచిలుకు ముక్కలు. ఏది దేన్ని పనికి పిలుస్తుందో ఎవరికీ తెలియదు. ఇక్కడ ముట్టుకుంటే మరెక్కడో కూలుతుంది. వాటన్నిటినీ చదివి తెరమీద పటం గీసే పనిముట్టు తయారుచేశాను. ఒక్కో ముక్క ఒక్కో చుక్క. ఒకటి ఇంకొకదాన్ని పిలిస్తే మధ్యన గీత. చుక్కను నొక్కితే దానిమీద ఆధారపడ్డవన్నీ వెలుగుతాయి, పట్టుకుని లాగితే దాని చుట్టాలన్నీ వెంట కదులుతాయి. మొదటిసారి అది కదిలిన రోజు ఆగలేక నా భర్త శ్రీరంగ్‌కు చూపించాను. ఫోన్లోంచి తల సగం ఎత్తి, "మీ ఆఫీసులో రంగోళీలు కూడా వేయిస్తున్నారా?" అన్నాడు. అత్తగారు నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

పటంలో ఒక చిక్కుంది. పైథాన్‌లో పిలవాల్సిన ముక్క పేరును ప్రోగ్రాము నడుస్తుండగానే అప్పటికప్పుడు మాటలు అతికించి తయారుచేసుకోవచ్చు. అలాంటి పిలుపు ప్రోగ్రామును ఎంత చదివినా దొరకదు. అందుకని అనుమానం ఉన్నచోటల్లా బూడిదరంగు గీతలు పెట్టాను. మా టీం లీడర్ కౌస్తుభ్ మొహం చిట్లించాడు. "అవి తీసెయ్ మృణ్మయీ. గందరగోళంగా ఉంది. మనం అనుమానాలు అమ్ముకుంటామా?" తీసేశాను. "నేను చూపిస్తాలే వాళ్లకి. నువ్వు లైన్లో ఉండు చాలు. మైకు మాత్రం ఆపుకో తల్లీ, పోయినసారి మీ కుక్కర్ కూత నాగపూర్ దాకా వినపడింది."

భోజనాల బల్లమీద లాప్‌టాప్ తెరిచి, మైకు ఆపుకుని కూర్చున్నాను. చేతులకు పిండి. కౌస్తుభ్ "మేం చేసిన పటం" అని మొదలుపెట్టి, పది నిమిషాలకు "నేను చేసినది" దగ్గరికి వచ్చాడు. నాకు కుర్చీలో కుదురు లేదు. నాగపూర్ సంస్థ పెద్ద ఖానోల్కర్ సరదాగా చుక్కలు లాగి చూస్తున్నాడు.

"అరే, ఈ ఒంటరి చుక్కలేంటయ్యా? ఒక్క గీతా లేదు!"

"చచ్చు సరుకు సర్. ఎవరికీ అక్కర్లేనివి. నలభై మూడున్నాయి, ఇవాళే తుడిపించేస్తా."

"తుడిచేయండి, దరిద్రం వదుల్తుంది."

ఆ నలభై మూడింట్లో ఒకటి, బూడిదరంగు గీత తీసేశాక ఒంటరైనది, నాకు బాగా తెలుసు. చనిపోయిన ఉద్యోగి పింఛనును భార్య పేరుకు మార్చేది అదే. ఆగమని కౌస్తుభ్‌కు మెసేజ్ పెట్టాను. చూడలేదు. మళ్లీ పెట్టాను. వంటింట్లోంచి అత్తగారు, "మృణ్మయీ, పెనం మాడుతోంది!" అని కేకేశారు. నా ఒళ్లు దానంతటదే సగం లేచింది. అలా సగం లేచిన మనిషినే, పిండి వేలితో మైకు నొక్కాను.

"తుడవకండి. అవి చచ్చు సరుకు కావు."

మైకు ఇంకా తెరిచే ఉంది. వంటింట్లోంచి అత్తగారి గొంతు, "ఎవరి మీదే ఆ అరుపు?" అందరికీ వినిపించింది.

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నాడు ఖానోల్కర్.

"మృణ్మయిని సర్. ఈ పటం చేసింది నేనే. గీత లేదంటే పిలిచేవాళ్లు లేరని కాదు, ఈ పటానికి కనపడలేదని. అందులో ఒకటి తీసేస్తే వచ్చే ఒకటో తారీఖున భర్త పోయిన ఆడవాళ్లకి పింఛను పడదు."

"ఎంతమందికి?"

"మూడు వేల పైన."

ఆయన చుక్కలు లాగడం ఆపేశాడు. తర్వాత, "మీరే వచ్చి మా వాళ్లతో కూర్చుని ఒక్కొక్కటీ తేల్చాలి. వారం పట్టినా సరే" అన్నాడు.

కౌస్తుభ్ చటుక్కున అందుకున్నాడు. "ఆవిడకి ఇల్లూ సంసారం ఉన్నాయి సర్, ఊరు దాటడం కష్టం. నేనొస్తాగా." అతని గొంతులో కుళ్లు లేదు, జాలే ఉంది. ఆ జాలే నన్ను ఊరుకోనివ్వలేదు.

"సోమవారం వస్తాను" అన్నాను.

సాయంత్రం శ్రీరంగ్ చెప్పులు విప్పకముందే అత్తగారు అంతా చెప్పేశారు. అతను గట్టిగా అరవలేదు, ఎప్పుడూ అరవడు. "వారం రోజులా? ఇక్కడ ఆయీ సంగతేంటి? అమ్మకి వండిపెట్టేదెవరు? ఎవర్నడిగి ఒప్పుకున్నావు?" అన్నాడు.

పదకొండేళ్ల కాపురంలో జుట్టు కత్తిరించుకోవడానికీ అడిగాను, సాంగ్లీలో మా అమ్మను చూసి రావడానికీ అడిగాను. ఇప్పుడూ నాలుక చివర ఒక సంజాయిషీ సిద్ధంగా ఉంది.

"ఎవర్నీ అడగలేదు" అన్నాను. అన్నాక, ఆ మాటను సర్దడానికి ఇంకో మాట వెతకలేదు.