అటు తిరిగిన సంతకం

ఇంగ్లండులో, స్విండన్‌లో మా బ్యాంకు వరుసలో నిలబడి చూసుకుంటే, చెక్కు మీద మా చెల్లెలి సంతకం అటు తిరిగి కూర్చుని ఉంది. ఇంట్లో బయలుదేరినప్పుడు మామూలుగానే ఉంది. బస్సులో ఏం గుర్తొచ్చిందో ఏమో, ఇప్పుడు నాకు వీపు చూపిస్తోంది. హైమ కోపం నాకు కొత్తేమన్నానా!

చెక్కు వెయ్యినూట పదహారు రూపాయలకి, చీరాల నుంచి వచ్చింది. మేం ఇల్లు కొన్నామని ఎవరో చెప్పి ఉంటారు. గృహప్రవేశానికి చదివింపన్న మాట. ఉత్తరం ముక్క లేదు. తొమ్మిదేళ్లుగా నాతో మాట్లాడని మనిషి పంపిన మొదటి కాగితం ఇది. నేను దీన్ని ఇక్కడ వేస్తే అక్కడ హైమ పాసుపుస్తకంలో ఒక వరుస పడుతుంది. అక్క పుచ్చుకుందని దానికి తెలుస్తుంది. వెయ్యకపోతే అదీ తెలుస్తుంది. చెక్కు గడువు రేపటితో సరి.

నడిచేకొద్దీ నేల సాగుతోంది, కౌంటరు దగ్గరపడటం లేదు. నా ముందున్న పెద్దావిడ సంచిలోంచి బిస్కెట్లు తీసి అందరికీ పంచుతోంది. సోమవారాలు ఇంతేనట. నేను రెండు తీసుకుంటాను.

కౌంటరులో ఉన్నాయన పేరు డెరిక్ అని చొక్కా మీది బిళ్ల చెబుతోంది. తల నెరిసిన మనిషి, మర్యాదస్థుడు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, నాకు తెలుగులో వినబడుతోంది.

"సంతకం మొహం చూపించడం లేదండీ. ఇలా అయితే చెల్లదు."

"మా చెల్లెలండీ. అలిగింది."

"ఎన్నాళ్లుగా?"

"తొమ్మిదేళ్లు."

ఆయన ఒక పట్టికలో వేలు పెట్టి వెతుకుతాడు. "ఇంతకన్నా పాతవి కూడా తీసుకున్నాం లెండి" అంటాడు ఓదార్పుగా. "చివర ఆ పదహారు ఎందుకు?"

"చదివింపండీ. సున్నాతో ముగించి ఇవ్వం, మంచిది కాదు."

"మేం ముగిస్తాం" అంటాడాయన పాపం, తల దించుకుని. "కమిషను ఇరవై పౌండ్లు. చెక్కు చేసేదానికన్నా ఎక్కువ. వద్దనుకుంటే నేనేం అనుకోను."

"వేస్తానండీ. డబ్బు కోసం వచ్చానా నేను?"

ఆయన కలం పక్కన పెడతాడు. అలాగైతే కమిషను పౌండ్లలో తీసుకోరట. తొమ్మిదేళ్లుగా నేను వాడుతున్న మాట ఒకటి ఇచ్చెయ్యాలట. మళ్లీ తిరిగి రాదట.

ఏ మాటో నాకు తెలుసు. హైమ కూతురు ప్రత్యూష పెళ్లికి నేను వెళ్లలేదు. 'సెలవు దొరకలేదు' అని ఫోన్లో చెప్పాను. తర్వాత అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను, మా ఆయనక్కూడా. ఆ మాటని నోట్లోంచి తీసి గాజు కింద పళ్లెంలో పెడతాను. అరిగి అరిగి నున్నగా ఉంది. డెరిక్ తూకం వేసి, రసీదు రాసి, సొరుగులో పడేస్తాడు.

"ఇప్పుడు ఆవిడతో మాట్లాడండి" అని చెక్కు నా వైపు జరుపుతాడు.

నోరు తెరుస్తాను. నాలుక అలవాటు కొద్దీ ఆ మాట కోసమే తడుముకుంటుంది. లేదు. మిగిలింది ఒక్కటే.

"హైమా, నేను సెలవు అడగనే లేదే. పిల్లల్లేనిదాన్ని, అక్షింతల పళ్లెం ముట్టుకుంటే పక్కకి జరగమంటారేమోనని భయమేసింది. నీ ముందు ఆ మాట పడలేననిపించింది. సిగ్గు లేకుండా అబద్ధమాడాను."

వరుసలో అందరూ బిస్కెట్లు నమలడం ఆపేస్తారు. సంతకం ఒక్కొక్క అక్షరమే ఇటు తిరుగుతుంది. ఆఖరి అక్షరం ముక్కు చీదుకుంటోంది.

"ఈ ముక్క చెప్పడానికి తొమ్మిదేళ్లు కావాలిటే అక్కా?" అని గాజు వెనక నుంచి హైమ గొంతు వినబడుతుంది.

డెరిక్ ముద్ర వేస్తాడు. చదివింపు అన్నాక చదవాలి కదా అని మైకు అందుకుంటాడు. "చీరాల నుంచి హైమవతి గారు, అక్క రాజ్యం గారికి, వెయ్యినూట పదహార్లూ!" పెద్దావిడ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతుంది.

గాజు పైకి లేస్తుంది. అవతల కల్యాణమండపం ఉంది, ప్రత్యూష పెళ్లి ఇంకా జరుగుతోంది. పురోహితుడు బొంగురుపోయిన గొంతుతో అదే మంత్రం మళ్లీ మొదలుపెడుతున్నాడు. పీట మీద ప్రత్యూష ఒళ్లో దాని ఏడేళ్ల కూతురు నిద్రపోతోంది. పెళ్లికొడుకు కనబడడు, మధ్యలో అడ్డుతెర ఉంది. తెర ఒక చివర హైమ చేతుల్లో ఉంది. రెండో చివర ఎవరి చేతుల్లోనూ లేదు, గాలిలో నిలబడి ఉంది.

"మేం పట్టుకుంటామని ఎంతమందో వచ్చారు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు" అంటుంది హైమ. "చేతులు పడిపోతున్నాయే తల్లీ, తొందరగా రా."

నేను కౌంటరు ఎక్కి అటు దిగుతాను. తెర చివర అందుకుంటాను. చాలా బరువుగా ఉంది. ఏడుపొస్తోంది, ఏడుస్తాను.

"ఇక దించండమ్మా" అంటాడు పురోహితుడు.

ఇద్దరం దించుతాం. ప్రత్యూష తన మొగుణ్ని మొదటిసారి చూసి సిగ్గుపడుతుంది. ఇద్దరి నడినెత్తిన పెట్టిన జీలకర్ర ఎప్పుడో మొలిచింది. రెండు జీలకర్ర మొక్కలు మండపం కప్పు దాకా ఎదిగి, కొమ్మలు కలిసిపోయి, తెల్లగా పూసి ఉన్నాయి. ఒళ్లో పిల్ల కళ్లు నులుముకుని పువ్వు కావాలంటుంది.

"ఉండు. మీ పెద్దమ్మమ్మ కొయ్యాలి ముందు" అంటుంది హైమ.

పెళ్లికూతురూ పెళ్లికొడుకూ నాకు అందేలా తలలు వంచుతారు.