మ్యాపులో లేని మూత

కాశీరాం తాడు రెండుసార్లు గుంజినా లోపలి నుంచి బదులు లేదు. మూడోసారి గుంజితే మధ్యలో ఎక్కడో చిక్కుకుంది. బాన్సువాడ బజారులో మిట్టమధ్యాహ్నం, ఆ మురుగు గుంతలో ఉన్నవాడు అతని అల్లుడు బాలరాజ్.

లైను మీద పక్కపక్క గుంతల మూతలు రెండూ తీసి, గాలి ఆడేదాకా ఆగి, అప్పుడే దిగాలి. ఈ పనిలో పాతవాళ్లు పెట్టిన కట్టుబాటు అది. ఇప్పుడు ఊరి మురుగు లైన్లన్నీ కంప్యూటర్ మ్యాపుకెక్కాయి. రెండో మూత మ్యాపులో లేదని, కంపెనీ సూపర్‌వైజర్ దయానంద్ ఒక్కటే తీయించి బాలరాజ్‌ను దింపాడు.

కాశీరాం గడ్డపార అందుకుని ఎదురుగా ఉన్న రవికుమార్ బట్టల దుకాణం మెట్లను పొడవసాగాడు. రెండు పోట్లు పడ్డాయో లేదో, రవికుమార్ షట్టరు కడ్డీతో అతని భుజం మీద బాదాడు. దయానంద్ కాలరు పట్టి చెంప పగలగొట్టాడు.

"మ్యాపుల లేనిదానికి మెట్లు పలగ్గొడుతవేంది?"

"ఉంది సార్. గీ మెట్ల కిందనే ఉంది. నా అల్లుడు గీడనే పడ్డడు."

"మరి సర్వే నాడు లేదన్నదెవరు?"

మ్యాపు కోసం వచ్చిన సర్వేవాళ్లతో లేదన్నది కాశీరామే. బజారంతా ముక్కు మూసుకుని పొమ్మనేవాళ్లే. మురుగు పనివాళ్లను నల్లా దగ్గరికి రానిచ్చింది ఈ ఒక్క దుకాణమే. "చెప్పకు కాశన్నా, మెట్లు పోతయి" అని రవికుమార్ బతిమాలితే, తాగిన నీళ్లు నోరు కట్టేశాయి. పాడు విశ్వాసం!

కాశీరాం దయానంద్ చేతిని కసుక్కున కొరికాడు. కడ్డీ దెబ్బలు వీపు మీద పడుతూనే ఉన్నాయి, మెట్లు పగులుతూనే ఉన్నాయి. మూత లేచేసరికి కుళ్లుగాలి గుప్పుమంది. ఊపిరి బిగబట్టి లోపలికి వంగి, అందిన చొక్కా పట్టి లాగాడు. బాలరాజ్ నోటి నిండా మురుగు. ఒళ్లు చల్లబడిపోయింది.

బీడీలు చుట్టే చోటు నుంచి కూతురు సహజ పరుగున వచ్చి మొగుడి మీద పడింది.

"ఎట్లైంది నాయినా?"

"తాగి దిగిండమ్మా, వద్దన్నా ఇనలే" అన్నాడు దయానంద్. కాశీరాం చెవి దగ్గర వంగి, "అవునను. నీ పని ఉంటది, పిల్లకు గూడ పని ఇప్పిస్త" అన్నాడు. కాలితో మూతను మెల్లగా గుంత మీదికి నెట్టాడు.

కాశీరాం గడ్డపారను గుంత అంచుకూ మూతకూ మధ్య దిగ్గొట్టాడు.

"తాగలే బిడ్డా. గీడ మూత లేదని సర్వే నాడు నేనే అబద్ధం జెప్పిన. గీ సారు ఒక్క మూతతోనే దింపిండు. పోలీసులు వచ్చి చూసేదాంక దీన్ని మూయనియ్య."

సహజ లేచింది. రెండు పిడికిళ్లతో తండ్రి ఎదురురొమ్ము మీద గుద్దసాగింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ గడ్డపార మీదే ఉన్నాయి.