అద్దంలో నల్ల గొడుగు

ధర్మాసుపత్రి వ్యాను నడిపే డ్రైవరుకి ఏడు వారాలుగా అద్దమంటే భయం. గడ్డం గీసుకునే అద్దం కాదు, బండి పక్కనుండే అద్దం. అందులో చూస్తే మెట్ల మీద నల్ల గొడుగు కనిపిస్తుంది. తల తిప్పి చూస్తే మెట్లు ఖాళీ.

బుధవారం నాటి చివరి స్టాపు అది. కొండవాలు మీద రేకుల ఇళ్ళు, కిందికి నూట పది మెట్లు. అక్కడివాళ్ళు ఒక పూట పని మానితే ఆ పూట పొయ్యి వెలగదు, ఇక ఆసుపత్రికేం పోతారు? అందుకే ఆసుపత్రే వాళ్ళ దగ్గరికి వస్తుంది. డాక్టరమ్మ, సిస్టరు, మందుల పెట్టె. డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టాలి, ఇరవై నిమిషాలు ఆగాలి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

ఏడు వారాల కిందటి బుధవారం మాత్రం వాన. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఎవరూ రారులే అని ఎనిమిది నిమిషాలకే బండి తీశాడు. తీస్తూ అద్దంలోకి చూశాడు. సగం మెట్ల మీద నల్ల గొడుగు కింద ఇస్త్రీ అక్క. గుండె జబ్బుతో కాళ్ళు వాచిపోయి, ఒంట్లో నీరు తీసే మాత్రలతోనే తిరుగుతున్న మనిషి. బండి కనిపిస్తే చాలు, "తమ్ముడూ, నీ హారన్ వింటే చచ్చినవాడైనా లేచొస్తాడు" అని నవ్వించేది. 'పై వారం తీసుకుంటుందిలే' అనుకుని పోనిచ్చాడు. వెనక డాక్టరమ్మా సిస్టరూ కాగితాల్లో తలదూర్చి ఉన్నారు. వాళ్ళు చూడలేదు.

పై వారానికి అక్క లేదు. ఊపిరాడక ఆదివారమే పోయిందని మెట్ల కింద చెప్పులు కుట్టే అతను చెప్పాడు. డ్రైవరు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. ఆ తర్వాత పైనుంచి ఒక్కరూ దిగలేదు.

ఈ బుధవారం సిస్టరు అసలు సంగతి చెప్పింది. "బాబాయ్, ఇవాళ కూడా ఎవరూ రాకపోతే ఈ స్టాపు ఎత్తేస్తారట. ఇక్కడ జబ్బులన్నీ పారిపోయినట్టున్నాయి!"

ఆమె నవ్వింది. అతనికి ఏడుపొచ్చింది. తాను ఎనిమిది నిమిషాలకే బండి తీసిన పాపం ఇప్పుడు కొండ మీదున్న వాళ్ళందరికీ చుట్టుకోబోతోంది. మూడుసార్లు హారన్ కొట్టి బండి దిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మెట్లెక్కాడు. యాభయ్యో మెట్టు దగ్గరే అతనికి ఆయాసం వచ్చింది. ఆ కాళ్ళతో అక్క ఎలా ఎక్కిందో తలుచుకుంటే సిగ్గేసింది.

అక్క భర్త గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. లోపల బల్ల మీద ఇస్త్రీపెట్టె చల్లగా పడి ఉంది.

"బావగారూ, ఆ రోజు నేను అక్కని చూశాను. చూసి కూడా వెళ్ళిపోయాను," అన్నాడు ఒక్క గుక్కలో.

"తెలుసు."

"తెలుసా?"

"తడిసి ముద్దయి ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది. చుట్టుపక్కలోళ్ళంతా చూశారు, ఈ బండిని నమ్మి లాభం లేదని దిగడం మానేశారు. నాతో మాత్రం చెప్పింది. 'తమ్ముడు అద్దంలో నన్ను చూశాడయ్యా. ఎవరితోనూ అనకు, పిల్లలుగలవాడు, ఉద్యోగం పోతుంది' అంది. పోయేదాకా అదే మాట."

తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. డ్రైవరు గుమ్మం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాకూ షుగరు మాత్రలు అయిపోయి నెల దాటింది," అన్నాడు పెద్దాయన కాసేపటికి. "ఆ మెట్ల మీద కాలు పెట్టబుద్ధి కాలేదు. పద, నువ్వు ముందు నడువు."

మూలనున్న నల్ల గొడుగు ఊతకర్రగా పట్టుకుని ఆయన దిగాడు. ఆయన్ని చూసి ఇద్దరు ఆడవాళ్ళూ చంటిబిడ్డని ఎత్తుకున్న ఒక తల్లీ దిగారు. డ్రైవరు డాక్టరమ్మ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పేశాడు. "ఆఫీసులో నువ్వే చెప్పాలి," అందావిడ. "స్టాపు మాత్రం ఉంటుంది."

మాత్రలు అందాయి. పెద్దాయన గొడుగుని బండికి ఆనించి, మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"అందరూ అయిపోయారు, పోదామా బాబాయ్?" అంది సిస్టరు.

డ్రైవరు తాళం మీద చెయ్యేసి అద్దంలోకి చూశాడు. సగం మెట్ల మీద నల్ల గొడుగు నెమ్మదిగా దిగుతోంది.

"ఇంకొకరున్నారమ్మా," అని తాళం మీంచి చెయ్యి తీసేశాడు.