గీత పెట్టిన చెట్లు

లింగవ్వ భర్త గోదావరిఖనిలో టింబర్‌మన్‌గా పనిచేసేవాడు. గనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. రామగిరి దగ్గర తమ్ముడు ఎల్లేశంతో ఉమ్మడిగా ఉన్న మూడెకరాల చెలకలో ఆయన టేకు మొక్కలు పెట్టాడు. నీళ్లు మోసింది, కలుపు తీసింది మాత్రం లింగవ్వే. ఇప్పుడు ఆయన లేడు. టేకుకు ఇరవై రెండేళ్లు నిండాయి.

ఎండాకాలం మొదట్లో ఎల్లేశం వచ్చాడు.

"వదినె, కలప వ్యాపారి వచ్చిండు. మొత్తం ఒక్కపారే కొట్టుకపోతడట."

"కొట్టినంక ఏముంటది?"

"చెలకుంటది. పత్తి ఏసుకుందాం."

"మూడొంతులల్ల ఒక వంతే కొడుదాం ఎల్లేశం. మిగిలినయి లావైతయి. నాలుగేండ్లకు మళ్ల ఇంకో వంతు. తోట తోటలెక్కనే ఉంటది."

"గట్ల చేసేటోళ్లు ఈడ ఎవరున్నరు?"

"మనముంటం."

పట్టా ఇద్దరి పేరునా ఉంది. ఆమె సంతకం లేకుండా ఏమీ జరగదు. ఎల్లేశం గొణుక్కుంటూనే ఒప్పుకుని లేచి వెళ్లిపోయాడు.

సొంత చెలకలో టేకు కొట్టాలన్నా పర్మిషన్ కావాలి; దానికోసం లింగవ్వ అటవీ శాఖ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగింది. చివరికి బీట్ ఆఫీసర్ సంధ్యారాణి తోటకు వచ్చి చూపించింది. "పైకి చూడు అవ్వా. రెండు చెట్ల కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటే, అండ్ల వంకరదో బక్కదో తియ్యాలె. మంచిది ఉంచాలె."

మెడ పట్టేసేదాకా పైకి చూస్తూ, పన్నెండు రోజులు తిరిగి, కొట్టాల్సిన చెట్లకు తెల్ల రంగుతో గీతలు పెట్టింది లింగవ్వ. కొన్ని చెట్ల దగ్గర మనసు ఒప్పక మూడేసిసార్లు వెనక్కి వచ్చింది. సంధ్యారాణి చూసి, గీత ఉన్న చెట్లకే పర్మిషన్ ఇప్పించింది.

గోదావరిఖని నుంచి చెట్లు కోసే సోహైల్ రంపం మిషన్‌తో వచ్చాడు. "నేలకు ఆనిచ్చి కొయ్యి బిడ్డా, మోడు మంచిగ చిగురు పెడ్తది," అని చెప్పి, మొదటి రోజంతా లింగవ్వ పక్కనే నిలబడింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె మంచినీళ్లకు బావి వైపు వెళ్లింది. బాట వైపు నుంచి రంపం చప్పుడు వినిపించింది. అటు ఒక్క చెట్టుకూ గీత పెట్టలేదు. బిందె వదిలేసి పరుగెత్తింది. తోటలోకల్లా లావైన చెట్టు నేలమీద పడి ఉంది. పక్కన ఎల్లేశం.

"నాలుగే కొట్టిస్త వదినె. బాట పక్కనున్నయి, బండికి అల్కగ ఎక్కుతయి."

లింగవ్వ పక్క చెట్టు మొదట్లో, దానికి వీపు ఆనించి కూర్చుంది. సోహైల్ మిషన్ ఆపేశాడు.

"నువ్వు ఒప్పుకున్నవని ఎల్లేశం కాక చెప్పిండు అవ్వా."

"నేను ఒప్పుకోలె."

"అయితే నేను కొయ్య," అని సోహైల్ మిషన్ కింద పెట్టేశాడు.

ఎల్లేశం గొంతు తగ్గించాడు. "పడ్డది పడ్డది. ఆకు కప్పి పెడదాం. ఎవరు చూసిండ్రు?"

"నేను చూసిన." లింగవ్వ ఫోన్ తీసి సంధ్యారాణికి కలిపింది.

"మన మీద మనమే చెప్పుకుంటమా వదినె?"

"ఇయ్యాల దాస్తే, రేపు నా గీతను ఎవరు నమ్ముతరు? ఇంకా రెండు పార్లు పర్మిషన్ అడగాలె."

సంధ్యారాణి వచ్చి ఆ దుంగను స్వాధీనం చేసుకుంది. విచారణ అయ్యేదాకా కోత ఆగిపోయింది. కోసిన దుంగలు నలభై రోజులు తోటలోనే ఉన్నాయి. లింగవ్వకు పిచ్చెక్కిందని ఊళ్లో అన్నారు. ఎల్లేశం ముఖం చూపించలేదు. ఆమె మాత్రం రోజూ వెళ్లి, చెద పట్టకుండా దుంగల కింద రాళ్లు పెట్టి, అటూ ఇటూ పొర్లించేది. ఒక్కోరోజు దుంగమీద కూర్చుని, తప్పు చేశానా అని ఏడ్చేది. లేచి మళ్లీ పొర్లించేది.

జూన్‌లో విచారణ ముగిసింది. పెద్ద చెట్టు సర్కారు డిపోకు పోయింది. మిగిలిన కోత పూర్తిచేయనిచ్చారు. ప్రతి దుంగ మీదా అటవీ శాఖ సుత్తి ముద్ర పడింది. తలుపులు చేసే వడ్రంగి ఒకాయన వాటిని కొని ట్రాక్టర్లో తీసుకుపోయాడు.

వానలు పడ్డాక మోడులు నాలుగైదేసి పిలకలు వేశాయి. మోడుకు ఒక్క పిలకే ఉంచి తక్కినవి విరిచేస్తోంది లింగవ్వ. తల ఎత్తితే చెలక గట్టు మీద ఎల్లేశం నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి దిగివచ్చి పక్క సాలులో వంగాడు.

"ఏది ఉంచాలె వదినె?"

"నేలకు దగ్గరగ పుట్టి, నిటారుగ ఉన్నది."

అతను ఒకటి ఉంచి తక్కినవి విరిచాడు. సరైనదే ఉంచాడు. పొద్దు గుంకేసరికి ఇద్దరూ కలిసి ఐదు సాళ్లు పూర్తిచేశారు.

"రేపొస్త," అన్నాడు ఎల్లేశం.

"జల్ది రా. బాట దిక్కున్న పెద్ద మోడును ఇంక ముట్టనే లేదు," అంది లింగవ్వ.