ఎల్యా ఎడమ కాలు

ఎల్యా ఎడమ కాలు బాగాలేదని మా బాలే నాట్యం బడిలో అందరికీ తెలుసు. మాకేం తెలియదని ఇప్పుడు ఎవరైనా అంటే వాళ్ళ మొహం మీదే నవ్వుతాను. ఊరు చిన్నది, బడి ఇంకా చిన్నది. హాస్టల్లో ఒక పిల్ల దిండులో మొహం దాచుకుని ఏడిస్తే, పొద్దున జావ వడ్డించే లోపు ఆ సంగతి మేడ మీద డైరెక్టరుగారి గదిదాకా చేరిపోతుంది.

నేను ఆ బడిలో పియానో వాయిస్తాను. పేరు జినయీదా మార్కొవ్నా. వెనకాల ముసలి జినా అంటారు, అదీ తెలుసు. సంగీత విద్యాలయంలో బంగారు పతకం తెచ్చుకున్నదాన్ని, చివరికి పిల్లలు మోకాళ్ళు వంచడానికి వాల్ట్జ్‌లు వాయించే బతుకైంది. సరే, నా గోల ఎవరిక్కావాలి.

మే నెలలో మొదలైంది. చెర్రీ చెట్లు పూసి, ఎప్పటిలాగే ఆ పూలతోపాటు చలి మళ్ళీ విరుచుకుపడ్డ వారం. పాఠానికి ముందు నేల తడపడం మా దగ్గర పిల్లల వంతు. పొడి చెక్క మీద కాలు జారుతుంది కనుక, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో ఒకరు హాలంతా చిలకరిస్తారు. ఆ పొద్దున వంతు ఎల్యాది. నేను ముందే వచ్చి మూలన కూర్చుని స్వరాల కాగితాలు సర్దుకుంటున్నాను, నన్ను చూడలేదు. డబ్బా పట్టుకుని కుంటుతోంది. ఇంతలో తలుపు చప్పుడై తోటి పిల్లలు లోపలికొచ్చారు. అంతే, కుంటు మాయం. నాకు భయమేసింది. కుంటినందుకు కాదు, అంత బాగా దాచగలిగినందుకు.

పాఠమంతా చెవులు రిక్కించి విన్నాను. ఎగిరి దిగేటప్పుడు అందరి పాదాలూ నా తాళం మీదే పడుతున్నాయి. ఎల్యా కుడి పాదం కూడా అంతే. ఎడమది మాత్రం వెనకబడుతోంది. నేలను తాకడానికి భయపడుతోంది ఆ కాలు.

పాఠం అయ్యాక ఎల్యాని పట్టుకున్నాను. "ఏమైందే కాలికి?"

"ఏ కాలికండీ?"

"నా దగ్గరా నీ వేషాలు? ఎడమ కాలికి."

ఎల్యా వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారేమో చూసుకుంది. "కొత్త బూట్లు కదా, కరుస్తున్నాయి."

"బూటు కరిస్తే వేళ్ళ దగ్గరో మడమ దగ్గరో కరుస్తుంది. నువ్వు పాదం మధ్యలో పట్టుకుంటున్నావు."

అప్పుడు ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరికీ చెప్పకండి. పరీక్ష అయిపోనివ్వండి. ఆ తర్వాత ఏమైనా పర్లేదు."

ఏమైనా పర్లేదట. ఆ పరీక్ష వాళ్ళ చదువుకంతటికీ చివరిది. ఆ ఏడు మాస్కో నుంచి ఒక బాలే థియేటరు మనిషి వచ్చి చూస్తాడని, ఒక్క అమ్మాయిని తనతో తీసుకుపోతాడని చెప్పుకున్నారు. ఆ ఒక్కతీ ఎల్యానే అని మా గోడలకు కూడా తెలుసు. పరీక్షకు రాకపోతే ఆ చోటు ఇంకొకరిది. ఎల్యా మళ్ళీ తన గని కార్మికుల ఊరికి పోయి, క్లబ్బులో చిన్నపిల్లలకు చేతులూపడం నేర్పుకుంటూ కూర్చోవాలి. తల్లి రైల్లో ప్రయాణికులకు టీ గ్లాసులు అందించే మనిషి. ఆవిడ అప్పుడే మాస్కోలో ఉండబోయే కూతురి కోసం ఉన్ని కోటు కుట్టించింది.

నేను నోరు మూసుకుని కూర్చునే రకాన్ని కాదు. తిన్నగా మా డాక్టరు బెల్లా నౌమొవ్నా దగ్గరికి వెళ్ళాను. పిల్లల్ని తూకం వేయడం, ఎక్కువ తూగితే రొట్టె తగ్గించమనడం ఆవిడ పని.

"పాదం మధ్యలోనా?" అంది, మందుల బీరువా సర్దుతూనే. "అయితే ఎముకలో సన్నటి పగులు ఉండుంటుంది. విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుంది. దాని మీద ఎగిరితే ఒకరోజు పుటుక్కుమంటుంది. అక్కడ విరిగితే మళ్ళీ బాలే ఆడడం ఉండదు."

"మరి పిలిచి చూడండి."

"నా దగ్గరికి రాని పిల్లని నేనెలా చూస్తానండీ? పంతులమ్మ పంపాలి. పంపితే చూస్తాను, చూస్తే ఆపేస్తాను." నా వైపు చూడకుండానే అంది. "అందుకే పంపరు."

పంతులమ్మ అంటే రొగ్నెదా ల్వోవ్నా. పై తరగతి అమ్మాయిలు ఆవిడ చేతి కింద ఉంటారు. ఆవిడ గొంతు సవరించుకుంటే చాలు, హాల్లో ఊపిరి చప్పుడు కూడా వినపడదు. మెట్ల దగ్గర నిలబడి సిగరెట్టు తాగుతుంటే సంగతి చెప్పాను.

"నాకు తెలియదనుకున్నారా?" అంది. "నేను రోజూ చూసేది ఆ కాళ్ళనే కదా."

"తెలిసీ ఎగరమంటున్నారా?"

"ఎగరమనడం నా పని. వద్దనడం డాక్టరు పని. ఆవిడ వచ్చి వద్దంటే ఆ నిమిషమే ఆపేస్తాను. ఆవిడ రాలేదే." సిగరెట్టు నలిపేసింది. "నేను విరిగిన కాలివేలితో ఆడాను, జినయీదా మార్కొవ్నా. నన్నెవరూ ఆపలేదు. ఆపి ఉంటే వాళ్ళని చంపి ఉండేదాన్ని."

ఆ మాట గొప్పగా చెప్పుకుందో, ఏడుపు దిగమింగుకుందో నాకు తెలియలేదు. 

మిగిలింది డైరెక్టరు. గెర్మన్ ప్లతోనొవిచ్‌కి బాలే గురించి ఏమీ తెలియదు, టెలిఫోన్లో మాట్లాడడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. మాస్కో మనిషికి హోటలు గది, స్టేషనుకి కారు, విందులో ఏ చేప పెట్టాలి, వాటిలో మునిగి ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు, తల కూడా ఊపాడు.

"డాక్టరు ఏమీ అనలేదు. పంతులమ్మ ఏమీ అనలేదు. మీరంటున్నారు. మీరు పియానో మనిషి కదా."

"నాకు చెవులున్నాయండీ."

"ఉండాలి. పియానో మనిషికి చెవులే ఉండాలి." అని నవ్వి, మళ్ళీ ఫోను ఎత్తాడు.

ఒళ్ళు మండిపోయింది. హాస్టలు చూసుకునే క్లావా నా పాత స్నేహితురాలు, పిల్లలంతా పిన్నీ అని పిలుస్తారు. దానితో చెప్పుకుని ఏడుద్దామని వెళ్తే, అది తన గదిలో మంచం మీద ఎల్యాని కూర్చోబెట్టి పాదానికి కట్టు కడుతోంది. వోడ్కాలో తడిపిన గుడ్డ చుట్టి, దాని పైన బిగించి ఇంకో గుడ్డ. చెయ్యి తిరిగిన పని అది. మొదటిసారి చేస్తున్నట్టు లేదు.

"నువ్వూనా?" అన్నాను.

"అరవకు, జినా," అంది క్లావా. "కట్టు కట్టకపోతే కట్టు లేకుండా ఎగురుతుంది. అప్పుడేం చేస్తావు?"

ఎల్యా మేజోడు పైకి లాక్కుంటూ నన్ను కోపంగా చూసింది. "మీరు ఊరంతా తిరిగి చాటుతున్నారట. నాకు మేలు చేయాలనుందా? అయితే వేగం తగ్గించకండి. నా మీద జాలితో రెండ్రోజుల్నుంచి నెమ్మదిగా వాయిస్తున్నారు. నెమ్మదిగా వాయిస్తే గాల్లో ఎక్కువసేపు ఉండాలి, ఇంకా పైకి ఎగరాలి. దిగేటప్పుడు ప్రాణం పోతోంది."

 నిజమే, జాలితోనే తగ్గించాను. చేతులారా ఆ పిల్లని ఇంకా పైకి ఎగరేశానన్నమాట.

ఆ పూటే నిర్ణయించుకున్నాను. వీళ్ళెవరూ ఆపరు. నేనే ఆపుతాను. నా చేతిలో ఉన్నది సంగీతం ఒక్కటే. పరీక్షలో పెద్ద గెంతులు మొదలవగానే వాయించడం ఆపేస్తాను. తాళం పోతే పిల్ల ఆగుతుంది. గొడవ అవుతుంది, నన్ను తిడతారు, ఉద్యోగం పీకేస్తారు, పీకనీ. ఆ గొడవలో ఎవరో ఒకరు ఆ కాలి వైపు చూడక తప్పదు. అంతమంది ఎదుట చూశాక డాక్టరు తనకు కనపడలేదని అనడానికి వీల్లేదు. మాస్కో చోటు పోతే పోతుంది. కాలు మిగులుతుంది, మరుసటి ఏడు ఇంకో థియేటరు దొరుకుతుంది.

పరీక్ష రోజు బయట వాన. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, దాని వెనక పరీక్షకులు, మధ్యలో మాస్కో మనిషి. తలుపు బయట క్లావా వరసగా ఒక్కొక్క పిల్లనీ వెనక నుంచి మోకాలితో తన్ని లోపలికి పంపింది, కలిసొస్తుందని మా దగ్గర అలవాటు. ఎల్యాని మాత్రం తన్నలేదు, మోకాలు అలా తాకించి వదిలేసింది.

గోడకి బిగించిన కర్ర పట్టుకుని చేసేవి అయ్యాయి. నెమ్మదివి అయ్యాయి. ఎల్యా ఎంత బాగా చేసిందో చెప్పడం నా వల్ల కాదు. మాస్కో మనిషి పెన్సిలు కింద పెట్టేసి ముందుకు వంగి చూస్తున్నాడు. రొగ్నెదా ల్వోవ్నా మెడ నిటారుగా పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. తరువాత పెద్ద గెంతులు, ఒక్కొక్కరుగా. మొదటి పేరు ఎల్యాది.

మొదలుపెట్టాను. ఎల్యా ఎగిరింది, దిగింది. పై పెదవి మీద చెమట. నవ్వు చెక్కుచెదరలేదు, మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మళ్ళీ ఎగరబోతోంది. నేను చేతులు తీసేసి పియానో మూత ధడాలున వేశాను.

సంగీతం ఆగింది. ఎల్యా ఆగలేదు.

రొగ్నెదా ల్వోవ్నా నా వైపు తలైనా తిప్పలేదు. చప్పట్లతో తాళం అందుకుంది. "ఒకటీ, రెండూ. ఒకటీ, రెండూ." ఎక్కడా తడబడలేదు. వాద్యాలు ఆగిపోయినా, దీపాలు పోయినా, తెర తగలబడినా సరే, మొదలుపెట్టింది పూర్తయ్యేదాకా ఆగకూడదని పదేళ్ళ వయసు నుంచీ ఆ పిల్లలకు నూరిపోసింది ఆవిడే. నా పియానో మీద మోచెయ్యి ఆనించి మరీ చెప్పేది. నేను తరువాతి పాట వెతుక్కుంటూ వినీ వినకుండా ఊరుకునేదాన్ని. ఆ మాట పియానో వాయించే మాలాంటివాళ్ళ కోసం కాదనుకున్నాను.

పియానో ఉన్నంతసేపూ పాదాల చప్పుడు దాని కింద అణిగి ఉంది. ఇప్పుడు హాల్లో ఆ చప్పట్లు, వాన, ఆ రెండు పాదాలు. ఎల్యా అడ్డంగా హాలు దాటుతూ ఎగిరింది, మళ్ళీ ఎగిరింది. లేచి వెళ్ళి పట్టుకోవలసింది. కుర్చీలోంచి లేవలేదు. మూడోసారి దిగినప్పుడు ఎండుపుల్ల తొక్కినట్టు చప్పుడైంది. బల్ల వెనక చివరి కుర్చీదాకా వినపడింది.

చప్పట్లు ఆగలేదు. ఎల్యా కుడి కాలి మీద నిలబడి, చేతులు పట్టవలసిన చోట పట్టి, చివరి భంగిమ పూర్తి చేసింది. పరీక్షకులకు వంగి నమస్కరించింది. ఆ తరువాతే నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

బెల్లా నౌమొవ్నా సంచీతో పరుగెత్తుకొచ్చింది. అప్పటిదాకా తలుపు వెనకే నిలబడి ఉందని నాకు అప్పుడు అర్థమైంది. "ఇప్పుడు చూస్తాను," అంటూ మోకాళ్ళ మీద కూర్చుంది. క్లావా పిల్లని ఎత్తుకుని వరండాలోకి తీసుకుపోయింది. బల్ల వెనక వాళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నది నా చెవిన పడింది. నేనూ లేచి వరండాలోకి పోయాను, నన్నెవరూ ఆపలేదు.

పిల్లని అక్కడ ఒక బెంచీ మీద పడుకోబెట్టారు. ఎల్యా ఏడవడం లేదు. నన్ను చూడగానే అడిగింది. "ఎన్ని మార్కులు వేశారు?"

"ఐదుకి ఐదు," అన్నాను. అది నిజమే.

"మాస్కో ఆయన ఏమన్నాడు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. "తర్వాతి అమ్మాయి పేరు అడిగాడు."

 నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఎల్యా మోచేతి మీద లేచి, నా భుజం మీదుగా హాలు తలుపు వైపు చూసింది. లోపల తర్వాతి అమ్మాయి నడిమధ్యన చేతులు ఎత్తి నిలబడే ఉంది, దింపమని ఎవరూ చెప్పలేదు.

"మరి మీరిక్కడేం చేస్తున్నారు?" అంది ఎల్యా. "పాపం, దాని చేతులు లాగేస్తుంటాయి. వెళ్ళి వాయించండి."

వెళ్ళాను. మూత తీసి వాయించాను.